ఏసోబు కానిస్టేబులు అర్జీ

మా చర్చిలో ఒక అమ్మాయి లైబ్రరీ కోర్సులో చేరుతోంది. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, అమెరికాలో. మొన్న ఆరాధన అయ్యాక నా పక్కన కూర్చుని, "అంకుల్, మీరు ఆ యూనివర్సిటీ లైబ్రరీలో అన్ని ఇయర్స్ ఏం చేశారు? జస్ట్ కార్డులు టైప్ చేశారా?" అని అడిగింది. అవునమ్మా అన్నాను. అబద్ధం కాదు. కానీ ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే చప్పగా అనిపించింది. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు జీతాల సంగతి, ప్రమోషన్ల సంగతి చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను ఒక్క కార్డు గురించి రాస్తాను. అది నేను తప్పుగా టైప్ చేసిన కార్డు.

పని ఎలా దొరికింది

డెబ్బైల చివర మా ఆవిడ మార్తకు షికాగోలో నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెంట నేను వచ్చాను. అప్పటికి నా చదువు ఎస్సెల్సీ. చేసిన పని బాపట్లలో ఒక దస్తావేజు లేఖరి దగ్గర పాత పత్రాలకు నకళ్ళు రాయడం. ఈ దేశంలో ఆ పనికి పేరే లేదు. మొదటి చలికాలం అంతా మార్త డ్యూటీకి వెళ్ళగానే కూర వండిపెట్టి, బస్సెక్కి పబ్లిక్ లైబ్రరీకి పోయి, సాయంత్రం దాకా చదువుకునేవాణ్ణి. అక్కడ వెచ్చగా ఉండేది, ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. చరిత్ర, వ్యాకరణం, నౌకలు, తేనెటీగలు, ఏది చేతికి దొరికితే అది చదివాను. నాకు డిగ్రీ లేదు. ఆ అరలే నా కాలేజీ. ఈ మాట చెప్పుకోవడంలో కొంచెం అతిశయం ఉంది, ఉండనివ్వండి.

ఒకరోజు ఆ లైబ్రరీ గోడ మీదే ఒక ప్రకటన చూశాను. ఊళ్ళోని ఒక యూనివర్సిటీ లైబ్రరీలో తెలుగు చదవగలిగిన గుమాస్తా కావాలట. వెళ్ళాను. కేటలాగు విభాగం పెద్ద డొరోతీ అనే ఆవిడ. యాభై దాటిన మనిషి, నవ్వడం అలవాటు లేదు. బల్ల మీద మూడు తెలుగు పుస్తకాలు పెట్టింది. మూడూ తలకిందులుగా ఉన్నాయి. నేను వాటిని సరిచేసి పెట్టాను.

"సరే, సోమవారం రా," అంది.

"పరీక్ష ఏమీ లేదా అమ్మా?"

"అయిపోయింది. ఈ భవనంలో ఆ అక్షరాలకు పైభాగం ఏదో తెలిసినవాడివి నువ్వొక్కడివే."

డొరోతీ దగ్గర నేర్చుకున్నది

ఆమె గురించి నిజం చెప్పాలి. మనిషి కటువు. నా జీతం పెంచమని పైవాళ్ళతో ఒక్క మాటైనా అన్నదని నేననుకోను. నా పేరు దేవదానం అయితే చివరి దాకా "డేవ్" అనే పిలిచింది. కానీ పనిలో ఆమె చెప్పినది తప్పని తేలిన రోజు నాకు జ్ఞాపకం లేదు. కార్డు మీద నీ అభిప్రాయం ఉండకూడదు, ఉన్నది ఉన్నట్టు రాయి, కామా పెట్టేముందు కూడా ఆలోచించు. ఇవే ఆమె పాఠాలు. పుస్తకం దొరకడానికి కార్డు తప్ప ఇంకో దారి లేని రోజులవి. కార్డు తప్పయితే ఆ పుస్తకం ఉన్నా లేనట్టే.

కార్డులు పెట్టే ఆ డ్రాయర్లు ఇప్పుడు లేవు. ఎనభైల చివర కంప్యూటర్లు వచ్చాక, చెక్క పెట్టెల్ని సామాను లిఫ్టులో దించేశారు. నాకు ఇప్పటికీ ఒక్కోసారి కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు కార్డుల అంచుల మీద నడుస్తున్నట్టు కదులుతాయి. తెలుగు కార్డులు నాలుగు డ్రాయర్లు ఉండేవి. పొద్దున్నే ఇంకెవరూ రాకముందు వాటిలో ఒకటి లాగి, ఊరికే పేర్లు చదువుకునేవాణ్ణి. ఆ ఊళ్ళో నాతో తెలుగులో పలికినవి మార్త తర్వాత అవే.

ట్రంకు పెట్టె

నేను చేరిన రెండో ఏడో మూడో ఏడో ఒక ట్రంకు పెట్టె వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో పోలీసు అధికారిగా చేసిన ఒక ఇంగ్లీషు దొర కాగితాలు అవి. ఆయన మనవరాలు ఈ దేశంలో స్థిరపడి, అటక ఖాళీ చేస్తూ మాకిచ్చింది. వేట ఫొటోలు, గుర్రం దాణా బిల్లులు, పెళ్ళి శుభలేఖలు అన్నీ ఉన్నాయి. అడుగున టేపుతో కట్టిన ఒక కట్ట. అందులో పైన ఒక ఇంగ్లీషు కాగితం, దాని కింద పొడుగాటి తెలుగు అర్జీ, ఆ కింద దొర స్వయంగా రాసుకున్న నోట్సు.

అర్జీ కృష్ణ ఒడ్డున ఒక తాలూకా స్టేషను కానిస్టేబుళ్ళది. ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళు ఇప్పటికీ ఉంటారు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయిన రోజులు. బియ్యం, కిరసనాయిలు, ముతక గుడ్డ అన్నీ ఎక్కి కూర్చున్నాయి. పై అధికారుల జీతాల స్కేళ్ళు సవరించారు. కానిస్టేబుళ్ళవి అలాగే ఉంచారు. పైగా తలపాగా గుడ్డ ఖరీదు జీతంలోంచే కోస్తున్నారు. దొర నోట్సులో మాత్రం, వీళ్ళకు ఊళ్ళలో బియ్యం ఊరికే దొరుకుతుంది, గొడవంతా ఎవరో ఒకడు రేపినదే అన్న ధోరణి. ఇటు పస్తులు, అటు ఆ ధోరణి.

సంతకాలు వరుసగా లేవు, చక్రంలా గుండ్రంగా ఉన్నాయి. మొదటి పేరు ఏదో తెలిస్తే వాణ్ణి నాయకుడంటారని ఆ ఉపాయం. పాపం, రాసిన చేయి ఒక్కటేనని, దాన్ని పోల్చుకోవచ్చని వాళ్ళకు తోచలేదు. రాసినవాణ్ణి పట్టుకుని ఉద్యోగం తీసేశారని నోట్సులో ఉంది. కారణం చివరి వాక్యం. వచ్చే నెలకు బెత్తం మా చేతికి రాక తప్పదని బెదిరించారట. పైనున్న ఇంగ్లీషు కాగితం, అంటే అర్జీకి అనువాదం, అలాగే చెప్పింది.

నేను ముందు ఇంగ్లీషు కాగితం చదివాను. తర్వాత తెలుగుది చదివాను. గొలుసుకట్టు రాత, అంటే కలం ఎత్తకుండా అక్షరాలన్నీ కలిపి రాసేది. బాపట్లలో నేను అన్నం తిన్నది ఆ రాత చదివే. గర్వంగా చదివాను. పోలీసు చేతిలో బెత్తం వింత కాదు కదా, అనుమానమే రాలేదు. జీతాల అర్జీ, హింసా బెదిరింపుతో సహా, అని కార్డు టైప్ చేశాను.

ఆ నెలలోనే మా లైబ్రరీ గుమాస్తాలూ ఒక అర్జీ తిప్పారు. పెట్రోలు, ఇంటి అద్దెలు పెరిగిపోయాయి, జీతాలు పెంచమని. అది నా బల్ల దగ్గరికి వస్తే, గ్రీన్ కార్డు భయంతో, ఆలోచించి చెప్తానని తప్పించుకున్నాను. ఇంతకీ చెప్పనేలేదు. ఈ సంగతి దాచిపెట్టి ఆ కానిస్టేబుళ్ళ గురించి రాయడం న్యాయం కాదు.

రాహేలమ్మ గారు

అప్పట్లో నేపర్‌విల్‌లో ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో మా తెలుగు ఆరాధన జరిగేది. తర్వాత కాఫీలు. నాకు వినేవాళ్ళు దొరికితే ఆగను. ఆ ఆదివారం అర్జీ సంగతి, చక్రం సంతకాల సంగతి కథలాగా చెబుతున్నాను. మార్తతో పనిచేసే సుశీల వాళ్ళమ్మ రాహేలమ్మ గారు గోడవార కుర్చీలో కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషి, కూతురి దగ్గర ఉంటోంది.

"దానం, ఏ ఊరన్నావు?" అంది.

చెప్పాను.

"స్టేషనెనకాల చింతతోపు ఉంటది, దాన్నానుకుని పోలీసోళ్ళ లైన్లు. ఆ ఊరేనా?"

"అర్జీలో చింతచెట్లు సంతకం పెట్టలేదు అమ్మగారూ," అన్నాను. అందరూ నవ్వారు.

ఆమె నవ్వలేదు. "ఏసోబని ఉందా పేర్లల్లో?"

నా నవ్వు ఆగిపోయింది. ఉంది.

ఏసోబు ఆమె తండ్రి. మిషను బడిలో చదువుకున్నాడు. స్టేషను మొత్తానికి మంచి రాత ఆయనదే కనుక అర్జీ ఆయన చేతే రాయించారు. ఉద్యోగం పోయిన రోజు లైన్లలోని ఇంట్లోంచి కుండలతో సహా బయటికి పంపినప్పుడు ఆమెకు ఏడెనిమిదేళ్ళు. తర్వాత బతికినన్నాళ్ళూ ఆయన రైసు మిల్లులో బస్తాలు మోశాడు.

"పొయ్యి మీద ఎసరు కాగుతుంటే బియ్యం ఉండేయి కాదు బాబూ. మా అమ్మ అనేది, 'దొర మీద బెత్తం పట్టుకుంటానన్నాడంట మొగోడు, ఆ బెత్తమే కోసుకుని వండుకుందాం రండే' అని. నాయన ఒక్కసారే అన్నాడు, 'నేను రాసింది అది కాదే' అని. 'మరి దొర చదివిందేంటి?' అంది అమ్మ. ఇంక ఎప్పుడూ ఆ మాట ఎత్తలా. నాకాయన మొహం గుర్తులేదు. ఎర్ర తలపాగా గుర్తుంది, బస్తా కింద వంగిన వీపు గుర్తుంది."

సుశీల కారు తాళాలు ఆడిస్తూ వచ్చింది. "అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకే? అన్నయ్యా, మీరు పట్టించుకోకండి. ఈమెకి బీపీ."

"బీపీ నాది, నాయనా నా నాయనే. నువ్వు పోయి కారు స్టార్ట్ చేసుకో." అని నా వైపు తిరిగింది. "నాకు చదువు రాదు దానం. మా నాయన అబద్ధమాడాడో, మా అమ్మే ఊరికే ఆడిపోసుకుందో, ఆ కాగితం చూసి చెప్పు. ఇంకెవర్ని అడగను?"

మళ్ళీ చూశాను. అంటే చూశాననుకున్నాను. ఒకసారి మనసులో పడ్డ మాటను కళ్ళు మళ్ళీ పరీక్షించవు. తర్వాతి ఆదివారం జెరాక్సు కాపీ తీసుకెళ్ళి, బెత్తమనే ఉంది అమ్మగారూ, అని చెప్పాను.

ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది. "రాత బాగుందా?"

"ముత్యాల్లా ఉంది."

"ఊఁ. అయితే అమ్మ మాటే నిజం." కాగితం మడిచి నాకే ఇచ్చేసింది. "నాకెందుకు, చదవలేనుగా."

ఆ తర్వాత నాలుగైదు ఆదివారాలు ఆమె చర్చికి రాలేదు. మోకాళ్ళ నొప్పులని సుశీల చెప్పింది.

ఎత్వం

ట్రంకులో మిగిలిన చిల్లర కాగితాలు ఆ ఫిబ్రవరిలో తీశాను. వాటిలో ఒక చిన్న చీటీ, ఖైదీని జిల్లా జైలుకు నడిపించుకు వెళ్ళిన ఖర్చు. అదే చేతిరాత, ఏసోబుది. "ఖైదీ బత్తెము" అని చదివేసి, పక్కకు పెట్టబోయి, ఆగాను.

బత్తెం అంటే దారిలో తిండికిచ్చే డబ్బు. చీటీలో ఆ మాట రూపం నాకు బాగా తెలిసినది. అర్జీ తెచ్చి పక్కన పెట్టాను. రెండు మాటలూ ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి. ఒక దాన్ని బత్తెమని చదివాను, ఇంకొకదాన్ని బెత్తమని చదివాను.

తేడా అంతా ఎత్వంలో ఉంది. ఆ చిన్న కొక్కెం "త్త" మీద ఉంటే బత్తెం, "బ" మీద ఉంటే బెత్తం. ఏసోబు మాటంతా కలం ఎత్తకుండా రాసేసి, చివర వెనక్కి వచ్చి ఎత్వం పెట్టేవాడు. తొందరలో అది ఎప్పుడూ ఒక అక్షరం ఎడమకు జరిగేది. అర్జీ అంతా వెతికాను. "కరువు వచ్చెను" అన్నచోట కూడా ఎత్వం "వ" మీదే కూర్చుంది. ఉన్నది ఉన్నట్టు చదివితే "వెచ్చను" అవుతుంది, దానికి అర్థం లేదు. అక్కడ నా బుద్ధి దానంతటదే సరిచేసుకుంది. బత్తెం దగ్గర మాత్రం సరిచేసుకోలేదు. వచ్చే నెలకు బత్తెము మా చేతికి రాక తప్పదు. ఖైదీల వెంట నడిచిన రోజులకు రావలసిన తిండి డబ్బు అడిగాడు, అంతే.

రెండు కాగితాలూ పట్టుకుని డొరోతీ దగ్గరికి వెళ్ళాను. ఆమెకు ఒక్క తెలుగు అక్షరం రాదు. అయినా అంతా విని ఒకే ప్రశ్న వేసింది.

"ముందు ఏ కాగితం చదివావు?"

"ఇంగ్లీషుది."

"ఎందుకు?"

"పైన ఉంది."

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "డేవ్, నిన్ను తీసుకున్నది పైకాగితం చదవడానికి కాదు. అది మేం చదవగలం."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు తగిలిన దెబ్బ అదొక్కటే. పిల్లలకు నేను చెప్పగలిగిన పాఠం కూడా అదొక్కటే. మూలం కింద ఉంటుంది. ముందు దాన్ని చదవండి. అనువాదం ముందు చదివితే, తర్వాత మీరు చదివేది మూలం కాదు, అనువాదాన్నే ఇంకోసారి.

"ఇది ఎవరికైనా చెప్పావా?" అని అడిగింది.

"నేపర్‌విల్‌లో ఉండే ఒక పెద్దావిడకు. ఆమె తండ్రి రాసిన అర్జీ ఇది. ఆయన అబద్ధమాడాడా అని అడిగింది. ఆడాడని చెప్పాను."

డొరోతీ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత, "కార్డు నేను తీయిస్తాను. నేపర్‌విల్‌కు ఇప్పుడు రైలు ఉందా?" అంది.

"ఇంకా మధ్యాహ్నమే కదా, పని వేళ—"

"నేను అడిగింది రైలు సంగతి."

మళ్ళీ చదవడం

రైల్లో కిటికీ అవతల మంచు కరిగి బురదగా ఉంది. దొరకు ఈ అర్జీని ఇంగ్లీషులో పెట్టి ఇచ్చిన మనిషి గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. దొరలకు గొలుసుకట్టు రాదు. ఏ తెలుగు గుమాస్తానో అయి ఉండాలి. నాలాగే కుర్చీలో కూర్చుని, నాలాగే తన చదువు చూసుకుని మురిసినవాడు. దొరకు ఏం వినాలని ఉందో అతనికి ముందే తెలిసి ఉంటుందా? నాకైతే బెత్తమని ఇంగ్లీషు కాగితం చెప్పింది. అతనికి ఎవరు చెప్పారు?

రాహేలమ్మ గారు ఇంట్లో ఒక్కతే ఉంది. టీవీలో ఏదో ఇంగ్లీషు సీరియలు, సౌండు తగ్గించి పెట్టి, వెల్లుల్లి పాయలు ఒలుస్తోంది.

"ఏం దానం, పనిరోజు ఇట్టొచ్చావు? మార్త బాగుందా?"

"బాగుంది. అమ్మగారూ, నేను తప్పు చదివాను."

"ఏది?"

"మీ నాయనగారి కాగితం. అది బెత్తం కాదు. బత్తెం."

చేతిలో పాయ అలాగే ఉండిపోయింది. జెరాక్సు కాపీ బల్ల మీద పరిచి, కొక్కెం చూపించి, అది ఎక్కడ ఉంటే ఏమవుతుందో, ఆయన చెయ్యి ఎటు జరిగేదో చెప్పాను. "వచ్చెను" కూడా చూపించాను. ఆమె చూపుడువేలు కాగితం మీద పెట్టింది.

"ఇదేనా?"

"అదే."

"గోరంత కూడా లేదే."

"లేదమ్మా."

"అయితే నాయన అడిగింది..."

"కూటి డబ్బులు. రావలసినవే."

ఆమె వేలు తీయలేదు. "మా అమ్మ పోయి ముప్పై ఏళ్ళు. ఇప్పుడు ఎవరితో చెప్పను?" అంది. టీవీలో ఎవరో ఏడుస్తున్నారు. ఆమె లేచి కట్టేసి వచ్చి కూర్చుంది.

"దొరకి చదివి చెప్పినోడెవడు? తెల్లోడా?"

"కాదమ్మా, తెలుగువాడే అయ్యుంటాడు."

"చదువుకున్నోడేనా?"

"చదువుకున్నవాడే."

"నీ అంత?"

"నా అంత."

"మరి కావాలని చదివాడా, తెలవక చదివాడా?"

"అతని సంగతి నాకు తెలియదు. నేను మాత్రం తెలియక చదివాను. చూడకుండా చూశానని చెప్పాను. అది నా తప్పు."

ఆమె నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. వెల్లుల్లి పళ్ళెం పక్కకు జరిపి, చెంగుతో చేతులు తుడుచుకుని, కాగితం నా వైపు తిప్పింది.

"మొదట్నించి చదువు. ఈసారి నిదానంగా."

దొరవారి సముఖానికి అని మొదలయ్యే అర్జీ అంతా, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివాను. బియ్యం ధర, కిరసనాయిలు, తలపాగా గుడ్డ. ఆమె కళ్ళు మూసుకుని వింటోంది. చివరి వాక్యంలో ఆ మాట దగ్గర చెయ్యెత్తి నన్ను ఆపింది.

"అది మళ్ళీ అను."

"బత్తెము," అన్నాను.

"ఆఁ," అంది, "అట్టాగే అనేవాడు."